రెండు చుట్లు

మే 4, ఆదివారం

కాలమ్ పంపేశాను. శీర్షిక ‘వేట వద్దు, ఆట ముద్దు’. ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య దాకా మోటారు పడవ సముద్రం మీదికి పోకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం. మంచిదే, చేపల పక్షాన నేనూ ఉన్నాను. కానీ సరిగ్గా ఆ రోజుల్లోనే చినరేవు సెయిలింగ్ క్లబ్ వారు కాటమరాన్ రెగట్టా, అంటే తెరచాప పడవల పందేలు, పెడుతున్నారు. జూన్ ఎనిమిదిన. వలలు అడ్డం ఉండవు, నీళ్ళు ఖాళీ, అందుకని. మత్స్యకారుల పేట మొత్తం ఒడ్డున చేతులు ముడుచుకుని కూర్చోవాలి, పెద్దమనుషులు రంగురంగుల తెరచాపలతో వాళ్ళ ముందు షికారు చేయాలి. విశాఖ నుంచి, చెన్నై నుంచి కూడా వస్తారట. పందేనికి కాదు, పక్కనే చౌక మందు దొరికే యానాం ఉంది కాబట్టి వస్తారు అని రాశాను.

మే 7

ఎడిటర్ ఆ యానాం వాక్యమే తీసేశాడు. ముప్ఫయ్యేళ్ళుగా నా మంచి వాక్యాలన్నీ ఎవడో ఒకడు తీసేస్తూనే ఉన్నాడు.

మే 10, శనివారం

క్లబ్ ప్రెసిడెంట్ సత్యప్రసాద్ ఫోన్ చేశాడు. మండపేట రైస్‌మిల్లుల కుటుంబం. కాలేజీలో డిబేట్లలో నాకు ఎదుటి పక్షం. అప్పట్నుంచీ ఎదుటి పక్షమే. కాలమ్ చదివాడట. “తిట్టారు, బాగానే తిట్టారండి సూర్యకళ గారూ. ఒక్కసారి వచ్చి, చూసి తిట్టండి,” అన్నాడు. సాక్ష్యం సంపాదించుకోవచ్చు కదా అని కాకినాడలో బస్సెక్కాను.

చూశాను. పడవ అంటే మధ్యలో మనిషి కూర్చునే చోటు ఉండాలా వద్దా? దీనికి లేదు. రెండు సన్నటి డొప్పలు, వాటి మధ్య వల బిగించారు. ఆ వల మీదే కూర్చోవాలి. తిరగబడకుండా ఎలా నిలుస్తుంది? ఎదురుగాలిలో ముందుకు ఎలా పోతుంది? ఈ రెండు ప్రశ్నలూ నన్ను పట్టుకున్నాయి. గాలికి సూటిగా ఎదురుపోదు, ఏటవాలుగా ఇటు కొంతా అటు కొంతా పోతూ పైకి చేరుతుంది అన్నాడు సత్యప్రసాద్. అది అసాధ్యమని అరగంట వాదించాను.

పక్కన పైపుతో పడవలు కడుగుతున్న అమ్మాయి పగలబడి నవ్వింది. “గాలితో వాదించకండి మేడం. ఎప్పుడూ అదే గెలుస్తుందండి,” అంది.

పేరు వినీల. పేటలో చిట్టియ్య, వీరమ్మల కూతురు. ఇరవై మూడేళ్ళు. పడవలు కడగడం, తాళ్ళు బిగించడం ఉద్యోగం. బిగించిన తాళ్ళు పరీక్షించే వంకతో పడవ తీసుకుపోయి మెంబర్లందరి కంటే బాగా నడపడం నేర్చుకుంది. ఆ మాట ఎవరో చెప్పలేదు, తనే చెప్పింది. క్లబ్‌లో కోచ్ పోస్టు ఆరు నెలలుగా ఖాళీ అనీ, అది తనకే రావాలనీ కూడా చెప్పింది.

నాకు ఇంకో కాలమ్ కనిపించింది.

మే 13

గెలిచాను. సత్యప్రసాద్ ఆఫీసులో కూర్చుని వర్గం, లింగం, సముద్రం, అన్నీ మాట్లాడాను. చివరికి అతనే దిగి వచ్చాడు. క్లబ్ పడవల్లో ఒకటి వినీలకి ఇస్తారు. రెగట్టాలో మొదటి ముగ్గురిలో వస్తే కోచ్ పోస్టు ఆమెదే. “ఒప్పుకున్నట్టేనా అండి?” అన్నాడు. “ఒప్పుకున్నాం,” అన్నాను.

పరుగున వెళ్ళి వినీలకి చెప్పాను. చేతిలో పైపు నేలకేసి కొట్టింది. “మీరెవరండీ ఒప్పుకోడానికి? రెండేళ్ళ నుంచి ఆయన్ని మెల్లగా ఒప్పించుకుంటూ వస్తున్నానండి. రేపో మాపో ఇచ్చేసేవారు. ఇప్పుడు మీరొచ్చి దాన్ని పందెం చేసేశారు. నాలుగో పడవగా వస్తే ఇక నోరెత్తడానికి ఉంటదా నాకు?”

బస్సులో జవాబులు చాలా వచ్చాయి. ఒక్కటీ సరైనది కాదు.

మే 18, ఆదివారం

మళ్ళీ వెళ్ళాను. తప్పు చక్కబెట్టడానికి అని చెప్పుకున్నాను గానీ నిజానికి ఆ ఏటవాలు సంగతి ఇంకా బుర్రలో తొలుస్తోంది. సాయంత్రం షెడ్డులో రూల్సు క్లాసు. సత్యప్రసాద్ అందరి చెప్పులూ తెచ్చి నేల మీద పేర్చాడు. అవి పడవలు. నా హవాయి చెప్పు విశాఖ పడవ అయింది.

గాలి కుడివైపు నుంచి తగులుతున్న పడవది హక్కు. ఎడమవైపు నుంచి తగులుతున్న పడవ తప్పుకోవాలి. ఎవరిది, ఎంత ఖరీదైనది అని లేదు. ఇంతవరకు నాకు నచ్చింది. తప్పుకోకపోతే ఏం చేస్తారు అని అడిగాను. రెండో పడవవాడు ‘ప్రొటెస్ట్’ అని అరుస్తాడు. తప్పు చేసినవాడు అక్కడే, ఆ నీళ్ళలోనే, పడవని రెండు చుట్లు గుండ్రంగా తిప్పి మళ్ళీ పందెంలో పడాలి. తప్పు కాదనుకుంటే తిరగక్కర్లేదు, ఒడ్డుకొచ్చాక విచారణ. ముగ్గురు బయటివాళ్ళు కూర్చుని రెండు వైపులా వింటారు.

మరి నీళ్ళ మీద రిఫరీ ఎవరు? ఎవరూ లేరట.

పందెం మధ్యలో, గెలుస్తుండగా, ఎవరూ పట్టుకోకుండానే తనంతట తాను గిర్రున తిరిగే మనిషిని మీ మండపేటలో ఒక్కణ్ణి చూపించండి అన్నాను. అందరూ నవ్వారు. నేను నవ్వులాటకి అనలేదు.

మే 22

చిక్కొచ్చింది. పడవకి ఇద్దరు కావాలి. వినీలతో ఎక్కాల్సిన వాడు వాళ్ళ పెదనాన్న కొడుకు రాజ్ కుమార్. వేట లేదు కదా, కడియం నర్సరీలకి పోయి లారీలకి మొక్కలెత్తుతున్నాడు. సీజన్ మధ్యలో వదిలి రాలేనన్నాడు. పేటలో మిగతా మగవాళ్ళు ఆడపిల్ల చెప్పినట్టు వినడానికి సిద్ధంగా లేరు. అదొక కాలమ్, తర్వాత.

ఇంకో చిక్కు. ఇద్దరి బరువూ కలిపి ఇంత ఉండాలని రూలు. తేలికపడవ దూసుకుపోతుంది కనుక. వినీల గుప్పెడు మనిషి.

నన్ను కిందా మీదా చూసింది. “మేడం, మీరెంతుంటారండి?”

అది అడగకూడని ప్రశ్న అని మొదలుపెట్టాను. ఆడవాళ్ళ శరీరాల మీద సమాజం చూపు గురించి. “సమాజం సంగతి కాదండి. గాలి సంగతి. దక్షిణపు గాలి గట్టిగా వీస్తే పడవ ఒక పక్క లేచిపోతుంది. అటుపక్క బరువుండాలి. ఈ రోజుల్లో మధ్యాహ్నం అయ్యేసరికి ఆ గాలి వచ్చి తీరుద్ది,” అంది.

మే 23

క్లబ్ కాటా పాడైంది. ఐస్‌ఫ్యాక్టరీ షెడ్డులో చేపలు తూచే కాటా మీద నిలబెట్టారు. వేట లేక నెల నుంచి పనిలేని కాటా. పేట ఆడవాళ్ళంతా మూగారు. వీరమ్మ ముల్లు చూసి, “ఇంత వంజరం మన రేవులో ఎప్పుడైనా పడిందటే!” అంది. మిగతావాళ్ళు వేలం మొదలెట్టారు.

బరువు సరిపోయింది.

మే 25

అరచేతులు పోయాయి. ముందు తెరచాప తాడు నాది. లాగమంటే లాగాలి, వదలమంటే వదలాలి.

మే 26

కీబోర్డు మీద వేళ్ళు వంగడం లేదు. ఈ వారం కాలమ్ లేదు. ఎవరూ అడగలేదు.

జూన్ 1, ఆదివారం

పొద్దున లేవగానే కొబ్బరి మట్టలు ఎటు ఊగుతున్నాయో చూస్తున్నాను. పేపరు తర్వాత. పదకొండింటికి గాలి చచ్చిపోతుంది, తర్వాత దక్షిణం నుంచి మొదట చెవి మీద చిన్నగా తగులుతుంది, అరగంటలో నీళ్ళ రంగు మారుతుంది. ఇన్నేళ్ళు ఈ ఒడ్డునే బతికి ఇది ఎలా చూడకుండా ఉన్నానో తెలియదు. సత్యప్రసాద్‌ని అడిగితే ఉపన్యాసం ఇచ్చాడు. వినీలని అడిగితే, “అదెందుకో నాకూ తెలీదండి, వస్తదంతే,” అంది. తను కూడా తప్పులు చేస్తుంది. ఇవాళ మలుపు గుర్తుగా తేలే బోయాకి బాగా ముందే తిప్పేసి, నామీద అరిచింది.

ఎదురుగాలిలో ఏటవాలుగా పోవడం నిజమే. ఒప్పుకుంటున్నాను, ఇక్కడ.

నాకు ఇంకో పని కూడా ఉంది. చాప అడ్డం కాబట్టి ఆమెకి రెండో పక్క కనిపించదు. నేను వంగి చాప కింద నుంచి చూసి చెప్పాలి. “చూసింది చెప్పండి మేడం. అనుకున్నది చెప్పకండి,” అంది.

జూన్ 7, శనివారం

రేపే. షామియానా వేశారు. క్లబ్ వాళ్ళు కుర్చీలు మెంబర్లకే అన్నారు. గొడవ పెట్టాను. పేట ఆడవాళ్ళకి రెండు వరుసలు వచ్చాయి. చిట్టియ్య పడవ రెస్క్యూ బోటు. దానికి మోటారు పెట్టుకోవడానికి పర్మిషన్ కాగితం తెప్పించారు. నెలన్నర తర్వాత ఇంజను చప్పుడు చేస్తే పేట పిల్లలంతా ఒడ్డుకి పరిగెత్తుకొచ్చారు. మూడు నారింజ రంగు బోయాలు దింపారు. ఒకటి కొట్టుకుపోయి మళ్ళీ తెచ్చారు. చెన్నై వాళ్ళు అన్నం బదులు చపాతీ అడిగారు.

వినీల పడవని తనే కడిగింది. రేపు కూడా కడగాలి కదండీ, గెలిచినా ఓడినా, అంది. భయపడుతోంది. తనకి కావలసింది కప్పు కాదు, ఆ పోస్టు. మూడులో రావాలి, అంతే.

జూన్ 8, ఆదివారం

వీరమ్మ చర్చి నుంచి తిన్నగా ఒడ్డుకొచ్చింది. గాలి కోసం ప్రార్థన చేయించిందట. ప్రార్థన ఎక్కువైంది. రెండింటికల్లా సముద్రం తెల్లగా నురగలు కక్కుతోంది. మంచిదే, ఇవాళ నా బరువుకి గౌరవం.

పదకొండు పడవలు. ఎక్కడా నిలబడి బయలుదేరడం ఉండదు. గీత వెనకాల అన్నీ గిరికీలు కొడుతూ ఉంటాయి, జెండా దిగే క్షణానికి గీత మీద ఉండాలి. నేను నోరెత్తలేదు. లాగండి, వదలండి, ఇటు రండి. వల మీద పాకాను, మోకాళ్ళు చెక్కుకుపోయాయి, ఉప్పునీళ్ళు మింగాను. ఒకసారి మా డొప్ప నీళ్ళ మీదనుంచి లేచి గాలిలో తేలింది, నేను వెనక్కి వేలాడాను, అది మెల్లగా దిగింది. నేను దింపాను దాన్ని! నా ఒంటికి ఇంతటి ఉపయోగం ఉంటుందని యాభై మూడేళ్ళకి తెలిసింది.

చివరి భాగంలో మేం మూడో చోట ఉన్నాం. షామియానా కనిపిస్తోంది. గాలి మాకు ఎడమ నుంచి తగులుతోంది. వినీల, “కింద చూడండి, ఎవరైనా ఉన్నారా?” అంది. వంగి చూశాను. ఆకుపచ్చ చారల చాప. సత్యప్రసాద్. అతనికి గాలి కుడినుంచి తగులుతోంది. అడ్డంగా వస్తున్నాడు. హక్కు అతనిది. చెప్పుల క్లాసు నాకు బాగా గుర్తుంది.

“తప్పుకుంటాడు, పోనీ,” అన్నాను.

ఎందుకన్నాను? ఇతనికా నేను దారివ్వడం అనిపించింది. ఆ ఒక్క క్షణం అంతే.

పోనిచ్చింది. అతను గట్టిగా తిప్పుకుని మా వెనకనుంచి తృటిలో తప్పాడు. “ప్రొటెస్ట్!” అని అరిచాడు. నేను వల మీద మోకాళ్ళ మీద లేచి అంతకంటే గట్టిగా అరవడం మొదలుపెట్టాను. దూరం సరిపోయింది, నువ్వు అనవసరంగా తిప్పావు, సాక్షి ఎవరు, మిల్లు అనుకున్నావా ఇది? వినీల నావంక చూసింది. చాప కింద నుంచి తనే వంగి ఆ చారలు చూసింది. చుక్కాని కర్ర తోసేసింది. పడవ తిరిగింది. “తల వంచండి. ఇటు రండి. అటు రండి.” ఒక చుట్టు. మళ్ళీ. “ఇటు రండి. అటు రండి.” రెండు. ఆ కాసేపట్లో చెన్నై పడవ దాటింది, సత్యప్రసాద్ దాటాడు.

అయిదో స్థానం.

ఒడ్డున నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకు తిరిగావు? విచారణకి పోతే ఇద్దరికి ఇద్దరం, ఎవరూ దగ్గర్లో లేరు, అతన్ని కాలేజీలోనే నేను మాటల్లో కట్టిపడేసేదాన్ని, ముగ్గురు జడ్జీల ముందు పది నిమిషాల్లో గెలిచేదాన్ని కదా అన్నాను.

వినీల చాప మడత పెడుతోంది. “గెలిచేవారేనండి,” అంది. “అందుకే తిరిగేశాను.”

తర్వాత పైపు తెచ్చి పడవ కడిగింది.

జూన్ 9

సత్యప్రసాద్ ఫోన్. మూడులో రాలేదు కాబట్టి కోచ్ ఇవ్వలేమట, కానీ ఆ రెండు చుట్లు చూసినవాళ్ళంతా అడుగుతున్నారు కాబట్టి అసిస్టెంట్ కోచ్ అని ఇస్తారట. “మీరేమంటారండి?” అన్నాడు. నాలుక మీద మూడు డిమాండ్లు సిద్ధంగా ఉన్నాయి, నంబర్లతో సహా.

“ఆ అమ్మాయిని అడగండి,” అన్నాను.

“లైన్లో ఉన్నారా అండి?” అన్నాడు.

జూన్ 11

వద్దందట. డిసెంబరులో మళ్ళీ రేసు ఉంది కదా, మూడులో వస్తాను, అప్పుడు కోచ్ అనే పిలవండి, ముందు ఏ మాటా తగిలించొద్దు అందట. వీరమ్మ రోజంతా తిట్టింది. చేతికొచ్చిన ఉద్యోగం అని. నేనూ లోపల వీరమ్మ పక్షమే. ఆగలేక ఫోన్ చేశాను, ఆ షరతు నువ్వు పెట్టింది కాదు కదమ్మా, నేను తెలివితక్కువగా ఒప్పుకున్నది కదా అన్నాను.

“ఆయ్, అప్పుడు మీదండి,” అంది. “ఇప్పుడు నాది.” పెట్టేసేముందు, “డిసెంబరు దాకా బరువు తగ్గకండి,” అంది.

జూన్ 15, ఆదివారం

వేట మొదలైంది. తెల్లారేసరికి రేవు ఖాళీ.

సాయంత్రం కాకినాడలో మా పౌరసంఘం మీటింగు. సంఘం కార్యదర్శి బంగార్రాజుతో గంటసేపు వాదించాను. మధ్యలో తెలిసింది, తప్పు నాదే. ఇంకెవరికీ తెలియలేదు. గెలుస్తున్నాను కూడా. కుర్చీ వెనక్కి జరిపి లేచాను. ఉన్నచోటే రెండు చుట్లు తిరిగి కూర్చున్నాను.

ఎవరో మంచినీళ్ళు తెచ్చారు.