ప్లాట్‌ఫారం మీద చదవని పేరు

నాంపల్లి,
7 నవంబర్ 2025.

ప్రియమైన ప్రణవికి,

ప్రభువు కృపవల్ల ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు, వెంకీ అన్న, పాప కూడా బాగున్నారని నమ్ముతున్నాను. నా నంబరును నువ్వు బ్లాక్ చేశాక నా ఫోన్ నీకు కలవదు. అందుకే కోఠిలో ఉన్న నీకు నాంపల్లి నుంచి పోస్టులో రాయాల్సి వస్తోంది.

పదహారో తేదీ ఆదివారం లక్ష్మణరావు సార్ కోచ్ పని మానుకుంటున్నారు. ఆబిడ్స్‌లో మా చర్చి హాల్లో చిన్న సభ పెట్టాం. ఆ రోజు పంచడానికి మన నాంపల్లి సీనియర్ మహిళల ఐస్ హాకీ జట్టు చరిత్ర రాసిమ్మని నాకు అప్పజెప్పారు. నాలుగు రోజులుగా అదే పని. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే మళ్ళీ కాగితం దగ్గరికే వస్తాను.

మొదటి పేజీ సులువుగానే వచ్చింది. 2013లో చర్చి వెనక సిమెంటు నేల, ఎనిమిది మందిమి, చక్రాల స్కేట్లు. మంచు మొహం చూడకుండానే మంచు మీది ఆట నేర్చుకున్నాం. సార్ ఒకసారి బేగం బజార్ నుంచి ఆటోలో రెండు ఐసు దిమ్మలు తెచ్చి, ఆ నల్ల రబ్బరు బిళ్ళ ఎలా జారుతుందో చూసుకోమన్నారు. వరసలో చివరున్న యూనీస్ వంతు వచ్చేసరికి దిమ్మలు కరిగిపోయాయి. 2015లో మొదటిసారి హిమాచల్ వెళ్ళి పద్నాలుగు గోల్స్ తేడాతో ఓడాం. తిరుగు రైల్లో అందరూ ఏడుస్తుంటే నువ్వొక్కదానివే నవ్వించావు.

2019 దగ్గర కలం ఆగింది. లేచి బియ్యం కడిగి వచ్చాను. అయినా కదల్లేదు. అందుకే ముందు నీకు రాసి చూస్తున్నాను.

టోర్నమెంటుకు బయల్దేరే ఆ జనవరి పొద్దున నాంపల్లి స్టేషన్లో సార్ పేర్లు చదివారు. నీ పేరు చదవలేదు. నువ్వు లిస్టు లాక్కుని చూసేసరికి, సార్ కబురందుకుని నిన్ను ఇంటికి తీసుకెళ్ళడానికి మీ ఆయన, వెంకీ అన్న, వచ్చి నిలబడ్డాడు. నీకు రెండో నెల అని సార్‌కు తెలిసిపోయింది. ఇంట్లో కూడా చెప్పకుండా ఆ ఒక్క టోర్నమెంటు ఆడి వద్దామనుకున్నావు నువ్వు. ఎవరు చెప్పారని అడిగావు. సార్ నీ చేతిలోంచి లిస్టు తీసుకుని మడిచారు. తర్వాత, "నేనే చూసిన. నీ బ్యాగుల దవాఖాన చీటీ ఉండె" అన్నారు.

నువ్వు స్కేట్ల సంచి బెంచీ మీదే వదిలి వెళ్ళిపోయావు.

మన జట్టు ఇన్నేళ్ళలో గెలిచిన ఒకే ఒక్క మ్యాచ్ ఆ ఏడాదిదే. నీ స్థానంలో ఆడి గోల్ కొట్టింది నేను.

ఆడపిల్లల బ్యాగులు వెతికే మనిషని నువ్వు సార్‌ను అన్న మాట తర్వాత ఇల్లిల్లూ తిరిగింది. అలేఖ్యను, ఆమె చెల్లెలిని ఇంట్లోవాళ్ళు ఆట మానిపించారు. జట్టు మళ్ళీ కూడుకోవడానికి రెండేళ్ళు పట్టింది. ఆ రోజు నుంచి సార్ మన సామాన్ల గదిలో అడుగు పెట్టలేదు. ఏం కావాలన్నా గుమ్మం బయటే నిలబడి అడుగుతారు. ఇన్ని జరిగినా ఆయన దగ్గరే ఉండిపోయానని నువ్వు నన్నూ వదిలేశావు.

పోయిన నెల కోఠి బస్టాపులో సార్ పలకరించబోతే నువ్వు ముఖం తిప్పుకున్నావట. యూనీస్ చూసి చెప్పింది. సార్ నాతో ఆ ఊసే ఎత్తలేదు. ఆ ఏడాది గురించి ఏం రాయమంటారని నిన్న అడిగితే, మ్యాచ్ గెలిచామని రాస్తే చాలన్నారు.

ఆదివారం నాలుగింటికి ఒక్కసారి రా ప్రణవీ. పాపను కూడా తీసుకురా. ఇంతకంటే ఏం రాయాలో తోచడం లేదు.

స్నేహితురాలినని ఇంకా అనుకుంటున్న,
జెర్లిన్

తా.క.: కవరు అంటించి మళ్ళీ చింపాను. నీ బ్యాగు తెరిచింది సార్ కాదు, నేను. ప్రయాణానికి ముందురోజు ప్రాక్టీసులో నా స్టిక్‌కు చుట్టడానికి టేపు కోసం నీ బ్యాగు పక్క జేబులో చెయ్యి పెట్టాను. చీటీ చేతికొచ్చింది. సాయంత్రం సార్ ఇంటికి వెళ్ళి చెప్పాను. స్టేషన్లో నువ్వు అడిగినప్పుడు సార్ ముందు నా ముఖం చూశారు. నేను తల దించుకున్నాను. రైలు కదిలాక నేను ఏడుస్తుంటే, "నువ్వు గామెతోని కలిసుండాల్సినదానివి. కోపం నా మీదనే ఉండనీ" అన్నారు.

నీ కడుపులో బిడ్డ కోసమే చెప్పానని ఆరేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్నాను. అది నిజమే. నువ్వు రాకపోతే నీ స్థానం నాదేనని సార్ ఇంటి మెట్లెక్కేటప్పుడు నాకు తెలుసు. అదీ నిజమే.

సభలో ఆ చీటీలో ఏముందో ఎత్తను. బ్యాగు తెరిచింది నేనని మాత్రం అందరి ముందూ చెప్తాను. నువ్వు వస్తే గేటు దగ్గరే ఉంటాను. నా ముఖం చూడకుండా దాటిపోయినా సరే, సార్‌ను మాత్రం పలకరించు.