ఉబ్బిన బ్యాటరీ ముట్టొద్దు

ఆంజీ, మీ ఓనరు మనిషేనా? ఈ ఎడారి ఎండలో, సబ్హాన్ ఏరియాలోని కార్ల షెడ్డులో మీకు ఏసీ పెట్టడానికి చేయి రాదు గానీ, కారు బ్యాటరీలు వేడెక్కకూడదని మన రూము ఏసీలో దాచమంటాడా? నువ్వు తెచ్చి నా మంచం కింద పెడతావా?

పొద్దున పక్కరూము వెంకటేశ్వరి వచ్చి, "ఏంది వాసన, నెయిల్ పాలిష్ ఒలకబోసినావా అక్కా?" అనింది. వంగి చూస్తే ఒక బ్యాటరీ పూరీ మాదిరి ఉబ్బింది. ఇద్దరం బ్యాటరీల పెట్టె మోసుకుపోయి వెనక ఖాళీ జాగాలో, గోడ నీడన ఇసుకలో పెట్టినాము. ఎవరూ దగ్గరికి పోకుండా మన బిల్డింగు వాచ్‌మన్, ఆ హారిస్, కాపలా ఉన్నాడు. నువ్వు ఫోను ఎత్తలేదు. నా కంపెనీ బస్సు కింద హారన్ కొడతాంది, అందుకే ఈ చీటీ.

బ్యాటరీ కంటే నీ మెతకదనమే నాకు ఎక్కువ భయం. ముక్కలుగా తెప్పించుకున్న ఆ కారుకు కరెంటు మోటారు బిగించి, శుక్రవారం కబ్ద్ ఎడారిలోని తన ఫారంలో దోస్తులకు చూపించాలని ఓనరు గద్దిస్తాడు. నువ్వు "సరే సార్" అని ఉబ్బినదాన్నే బిగిస్తావు. ఏసీ పెడితేనే ఎక్కుతామని, ఏసీ లేని కంపెనీ బస్సులోంచి మా ఆడోళ్లందరినీ రోడ్డు మీదికి దించినదాన్ని, తమ్ముడికి మాత్రం నోరు నేర్పలేకపోయినా.

సంగటి మూతపెట్టినా. తిను. నీకేమన్నా అయితే నేనెవరితో కొట్లాడేది?

కింద ఇది కూడా చదువు: పెట్టె ముట్టుకోకుండా ఓనరుకు ఇప్పుడే ఫోన్ చెయ్యి. "వచ్చి నీ బ్యాటరీ తీసుకుపో, ఉబ్బినదాన్ని నేను బిగించను, షెడ్డులో ఏసీ పెట్టు" అని చెప్పు. నోరు రాకపోతే ఆయనకు నా నంబరియ్యి.