గిన్నెలో గుండీ

ఇంటి నుంచి,
సెప్టెంబరు 14, ఆదివారం.

చిరంజీవి తమ్ముడికి,

పెద్దక్క దీవెనలు. మరదలికి, పాపకి నా ముద్దులు. మీరు ముగ్గురూ చల్లగా ఉండాలని పొద్దున ప్రార్థనలో నిన్నే ముందు తలుచుకున్నాను. మన ఇంట్లో ఎవరు ఉత్తరం రాసినా మొదటి మాట "గుండీ పైనే ఉంది" అని ఉండాలి కదా. ఈసారి ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు. ఏమీ అనుకోకు.

నువ్వు ఫోను ఎత్తడం లేదు. తప్పు పట్టడం లేదు. ఫోనులో అయితే నేను నాలుగు మాటలకే ఆగిపోతాను. కాగితం మీద నిదానంగా చెప్పుకోవచ్చు. పైగా నువ్వు మధ్యలో అరవలేవు. నాన్న నీకు "ఇంజను" అని ఊరికే పేరు పెట్టారా?

ముందు ఫ్రీజరు సంగతి. వెనక గదిలో ఉన్న పెద్దదే, మూత పైకి లేపేది. నాన్న పోయినప్పటి నుంచి దాన్ని ఎవరమూ ముట్టుకోలేదు. పిచ్చుక ముట్టనివ్వలేదు. తియ్యొద్దు, పారెయ్యొద్దు, ఉన్నది ఉన్నట్టు ఉండనీ అంటుంది. చిన్నక్క సంగతి నీకు తెలుసు, పేరుకే పిచ్చుక, పట్టు పడితే ఉడుం. సరేనని వదిలేశాను. సామాను అలాగే ఉంది, అది నడుస్తూనే ఉంది. నా మంచం ఆ గోడకి ఇవతల కదా, దాని చప్పుడు వింటూనే నిద్రపోతాను. ఇన్నాళ్లలో ఒక్క పూట కూడా ఆగలేదు.

ఈమధ్య మోటారు అస్సలు విశ్రాంతి తీసుకోవడం లేదు. పక్కన చెయ్యి పెడితే కాలుతోంది. మూత తెరిస్తే నాలుగు గోడలకీ జానెడు మందాన మంచు. నాన్న నేర్పినట్టే చేశాను. మూత కింద కాగితం ముక్క పెట్టి మూసి లాగాను. గట్టిగా పట్టుకోవాలా, వెన్నలోంచి వచ్చినట్టు జారి వచ్చేసింది. అంటే మూత సరిగ్గా పడటం లేదు, బయటి గాలి లోపలికి పోయి మంచు కడుతోంది.

మెకానిక్కుని పిలిచాను. తొంగి చూసి, "అమ్మగారూ, ఇందులో సామాను ఏదండీ? మొత్తం మంచుకే అద్దెకిచ్చేశారా?" అన్నాడు. ఈ ఇంట్లో నవ్వు విని చాలా కాలమైంది, నాకూ నవ్వొచ్చింది. రబ్బరు మార్చక్కర్లేదట. జిడ్డు పట్టి బిగుసుకుపోయింది, గోరువెచ్చని సబ్బునీళ్లతో తుడిస్తే మెత్తబడుతుందన్నాడు. వెనక భాగం గోడకి ఆనుకుపోయింది, జానెడు ముందుకి లాగమన్నాడు. వెనక దుమ్ము చూసి, "దీనికి ఊపిరి ఎలా ఆడుతుందండీ పాపం" అన్నాడు. అన్నిటికంటే ముందు మంచంతా కరిగించమని, చాకుతో మాత్రం పొడవొద్దని మరీ మరీ చెప్పి వెళ్లాడు. నువ్వు చిన్నప్పుడు ఐస్‌క్రీం తీస్తానని గరిటెతో పొడిచి నాన్న చేత తిన్న దెబ్బ గుర్తొచ్చింది. ఆ సొట్ట ఇప్పటికీ ఉంది.

పిచ్చుక మాత్ర వేసుకుని పడుకున్న మధ్యాహ్నం ఆ పని పెట్టుకున్నాను. ప్లగ్గు తీశాను. అడుగున బిరడా లాగి కింద పళ్లెం పెట్టాను. చుట్టూ పాత దుప్పట్లు పరిచి, లోపల మరిగే నీళ్ల గిన్నెలు పెట్టి మూత వేశాను. కాసేపటికి మంచు పలకలు పలకలుగా ఊడి పడింది. పడ్డ ప్రతిసారీ ఎవరో తలుపు తట్టినట్టు ఉండేది.

అడుగున చూశాను తమ్ముడూ. తెల్లటి మంచు కింద ఎర్రమన్ను రంగులో ఒక పొర, అట్టలా. సామాను కరిగి కారిన నీరు అది, అడుక్కి చేరి మళ్లీ గడ్డకట్టింది. బఠాణీల సంచి రాయిలా ఒకే ముద్ద. ఆ రోజు వండగా మిగిలిన చేప పొట్లం ఆ పొరలోనే ఇరుక్కుని ఉంది. తిన్నగా పెట్టిన చేప మెత్తబడి, పక్కకి వాలి, గోడ వంపుకి ఒదిగి మళ్లీ బిగిసింది. తల్లి ఒళ్లో పడుకున్నట్టు ఉంది దాని తీరు. 

తర్వాత ఇది ఒక్క పూటా ఆగలేదు కదా, అంటే నాన్న ఆ చేప తినకముందే ఫ్రీజరు ఒకసారి పూర్తిగా ఆగిపోయింది. ఆ రోజు ఆసుపత్రిలో డాక్టరు చెప్పింది ఇదే. చేప ఎక్కడో వెచ్చగా పడి ఉండి మళ్లీ గడ్డకట్టింది, అందులో పుట్టిన విషం ఎంత వండినా పోదు, బలహీనమైన గుండె తట్టుకోలేకపోయింది అన్నాడు. ఎక్కడ పడి ఉందో మనకి తెలియలేదు. నీకు మాత్రం వెంటనే తెలిసిపోయింది. నాన్నని ఇంకా ఇంట్లోంచి తియ్యలేదు, వాకిట్లో అంత మంది ఉన్నారు. "నువ్వే చంపావు. చేప కడిగి గట్టు మీద వదిలేసి ఎవత్తితోనో ముచ్చట్లు పెట్టుకుని ఉంటావు" అని పిచ్చుకని అన్నావు.  పొద్దున లేస్తే గుక్క తిప్పుకోకుండా మాట్లాడే మనిషి ఆ రోజు నోరు మూసుకుంది, ఇప్పటికీ సరిగ్గా తెరవలేదు.

దాని పరిస్థితి రాయాలి. క్యారేజీల వంట మానేసింది. స్టవ్ దగ్గరకి రాదు. నేను వండింది కూడా మూడుసార్లు వాసన చూసి ముద్ద నోట పెడుతుంది, సగంలో లేచిపోతుంది. మంచినీళ్ల గ్లాసు ఇస్తే, "అక్కా, వాసన వస్తోందా?" అని అడుగుతుంది. చేతులు కడిగి కడిగి వేళ్ల సందుల్లో నెత్తురు చిమ్ముతోంది. సబ్బు దాచేస్తే గిన్నెలు తోమే పొడితో కడుగుతుంది. జాకెట్లన్నీ రెండోసారి కుట్లు వేసి బిగించాను. డాక్టరు నన్ను పక్కకి పిలిచి, ఇలాగే తినకపోతే ఈ చలికాలం గట్టెక్కడం కష్టం అన్నాడు. ఇది నిన్ను భయపెట్టడానికి రాయడం లేదు. ఆయన అన్న మాట అది.

ఆ ఎర్ర పొర చూసి నాకు ప్రాణం లేచి వచ్చింది. పిచ్చుకని లేపి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి చూపించాను. నీ తప్పు కాదే, ఫ్రీజరు ఆగిపోయింది, అందులోనే పాడైంది అన్నాను. చూసింది. నా మొహం చూసింది. "గుండీ పైనే ఉంది కదక్కా" అంది. "నాన్నే చూశారు. నేనూ చూశాను. ఈ మంచు తర్వాత ఎప్పుడో కరిగి ఉంటుంది. నన్ను ఓదార్చకు. ఈ చేతులదే తప్పు." వెళ్లి మళ్లీ చేతులు కడుక్కుంది.

నీకు తెలియనిది కాదు గానీ నాన్న చెప్పినట్టు ఒకసారి రాసుకోవాలనిపించింది. ఆయన బతుకంతా కోల్డ్ స్టోరేజీలో యంత్రాల దగ్గరే గడిచింది. గిన్నెలో నీళ్లు గడ్డకట్టించి పైన తన డ్యూటీ కోటు ఇత్తడి గుండీ పెట్టేవారు. మనం లేనప్పుడు కరెంటు పోయి మంచు కరిగితే గుండీ మునుగుతుంది. మళ్లీ గడ్డకట్టినా గుండీ అడుగునే ఉంటుంది. అప్పుడు లోపల ఉన్నదంతా పారెయ్యాల్సిందే, ఎంత ఖరీదైనదైనా సరే. "ఫ్రీజరు అబద్ధం ఆడుతుంది, గుండీ ఆడదు" అనేవారు. కంటి ఆపరేషను చేయించుకుని తిరిగొచ్చిన రోజు కూడా చెప్పులైనా విప్పకుండా వెనక గదిలోకి వెళ్లి మూత ఎత్తి చూశారు. "పైనే ఉందే, వండుకో పిచ్చుకా" అన్నారు. అందుకే అది వండింది.

గిన్నె కూడా బయటికి తీశాను. దాని సంగతి చివర రాస్తాను.

ఇక మిగతా విశేషాలు. ఫ్రీజరు ఇప్పుడు బాగుంది. తుడిచి, ఆరబెట్టి, ముందుకి లాగి, కాళ్లు సమం చేసి పెట్టాను. కాగితం పెడితే చిరుగుతోంది గానీ జారడం లేదు. మోటారు కాసేపు నడిచి కాసేపు ఊరుకుంటోంది. ఊరుకున్నప్పుడు ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంటోంది. లోపలి సామానంతా పెరట్లో గొయ్యి తీసి పూడ్చాను. పక్కింటావిడ గోడ మీద నుంచి చూసి, "ఏం పాతిపెడుతున్నారు వదినగారూ, నిధి దొరికితే మాకూ చెప్పండి" అంది. 

చలికాలం వస్తోంది. నాన్నని తీసుకెళ్లిన రోజు నీ కోటుకి మూడో గుండీ లేదు. దారం పోగు ఒకటి వేలాడుతోంది. కుట్టిపెడతాను ఇలా ఇవ్వరా అంటే చెయ్యి విదిలించుకున్నావు. దుఃఖంలో ఉన్నావనుకున్నాను. వచ్చేటప్పుడు ఆ కోటు వేసుకుని రా.

వచ్చే ఆదివారం రా తమ్ముడూ. మరదలిని, పాపని ఇంకోసారి తీసుకొద్దువు గాని, ఈసారికి ఒక్కడివే రా. నాతో మాట్లాడకపోయినా సరే. చిన్నక్క ఎదురుగా కూర్చో. నీ కోసం చూస్తుంటాను.

నీ మేలు కోరే
పెద్దక్క

తా.క. పైన రాసేటప్పుడు ఇది రాయలేకపోయాను. సంతకం పెట్టి, ప్రార్థన చేసుకుని వచ్చి మళ్లీ కూర్చున్నాను.

గిన్నె బోర్లిస్తే మంచు ముద్ద ఒక్కసారిగా చేతిలోకి జారింది. పైన గుండీ ఉంది. కిటికీ వెలుతురుకి పట్టుకుంటే అడుగున ఇంకో గుండీ కనిపించింది. రెండూ ఒకలాంటివే. నాన్న డ్యూటీ కోటు చిరిగిపోయాక మనకి దక్కినవి ఆ రెండే. ఒకటి ఆయన గిన్నెలో పెట్టుకున్నారు. రెండోది, నీ కోటు గుండీ పోతే నేను కుట్టాను. నల్లదారం అయిపోయిందని ముదురు ఎరుపు దారంతో కుట్టినందుకు నువ్వు నన్ను ఎంత ఏడిపించావో గుర్తుందా? పైన ఉన్న గుండీ కొక్కేనికి ఆ ఎర్రదారం ఇంకా ఉంది. ముడి నాదే.

నాన్న ఆపరేషనుకి మేము వెళ్లినప్పుడు నువ్వు ఇక్కడ ఉండి వెనక గదిలో అల్మారా బిగించావు. ఆ గదిలో ఉన్నది ఒకే ప్లగ్గు. డ్రిల్లు కోసం ఫ్రీజరుది తీసి, మళ్లీ పెట్టడం మరిచిపోయి ఉంటావు. మరుపు అందరికీ ఉంటుంది. తర్వాత గిన్నెలో గుండీ మునిగి ఉండటం చూసి, నీ కోటుది తెంపి పైన పెట్టి ఉంటావు. నాన్న తిడతారనుకున్నావో, అంత సామాను పారెయ్యాలంటే మనసొప్పలేదో, రాయిలా బిగిసింది కదా ఏం కాదులే అనుకున్నావో నాకు తెలియదు. ఊహించుకుని నీ తరఫున జవాబు చెప్పుకోవడం నా వల్ల కాలేదు.

ఒకటి మాత్రం మరిచిపోలేకపోతున్నాను. ఆ సాయంత్రం పిచ్చుక పళ్లెం పెడితే ఆకలి లేదని, పనుందని లేచావు. గడప దగ్గర ఆగి వెనక్కి తిరిగావు. ఏదో చెప్పబోతున్నావనుకున్నాను. నాన్న చేతిలో ముద్ద ఉంది. "వెళ్లరా ఇంజనూ, బండి తప్పిపోతుంది" అన్నారు. నువ్వు వెళ్లిపోయావు.

పిచ్చుకకి ఇంకా చెప్పలేదు. నీ గుండీ కాగితంలో చుట్టి ఈ కవరులోనే పెట్టాను. నా దగ్గర ఉంచుకుంటే నీ మీద సాక్ష్యం దాచుకున్నదాన్ని అవుతాను. నాకు అక్కగానే ఉండాలని ఉంది. ఆదివారం నువ్వు రాకపోతే నేనే దానికి చెబుతాను. అప్పుడు నా చేతిలో చూపించడానికి ఏమీ ఉండదు. నేను మళ్లీ ఓదారుస్తున్నానని అనుకుని చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోతుంది. నువ్వు తెచ్చి దాని చేతిలో పెడితేనే నమ్ముతుంది.

గిన్నెలో కొత్త నీళ్లు పోసి లోపల పెట్టాను. గడ్డకట్టింది. నాన్న గుండీ తుడిచి కిటికీలో ఉంచాను. మంచు మీద ఇంకా ఏమీ పెట్టలేదు.