గాజు పెట్టెకు పండ్ల చక్రం

కోయిలకుంట్ల,
20-1-1955

ద్రోణాచలం రైలు షెడ్డులో పనిచేసే బొజ్జన్న బావకు, కోయిలకుంట్ల సినిమా డేరా నుంచి హనుమన్న నమస్కరించి రాసేది. ఇక్కడ మేమంతా బాగున్నాం. అక్క మోకాలి నొప్పి తగ్గిందో లేదో రాయి.

ఈ వారమంతా మంచు పడుతోంది. తెల్లారేసరికి శనగ చేలు తడిసి ఉంటున్నాయి. చలికి ఇంజను ఒక పట్టాన అందుకోవడం లేదు. ఈ రోజు దాన్ని విప్పి కడిగి, బెల్టు అతుకు కుట్టి, వదులైన డేరా తాళ్లు బిగించాను. ఆ తర్వాత కొత్త పెట్టె ముందు కూర్చున్నాను. దాని సంగతి రాయడానికే ఈ ఉత్తరం.

మా యజమాని నారాయణరెడ్డి మద్రాసు పోయి వేలంలో ఒక గాజు పెట్టె కొనుక్కొచ్చాడు. యుద్ధం నాటి అమెరికా సోల్జర్లు వదిలిపోయిన సామానట. లోపల ఒక గిన్నె వేలాడుతుంటుంది. గిన్నె అడుగున కరెంటు తీగ చుట్ట ఉంది, అది వేడెక్కుతుంది. గిన్నెలో ఒక ఇనుప చెయ్యి తిరుగుతూ మొక్కజొన్న గింజల్ని కలుపుతుంది. గింజలు పేలి, మూత నెట్టుకొని కింద పడతాయట. పడతాయట అంటున్నాను గానీ, ఇంతవరకు ఎవరమూ చూడలేదు.

మన డైనమోకూ దానికీ వోల్టులు కుదిరాయి. మోటారులోని కార్బన్లు పూర్తిగా అరిగిపోయి ఉంటే, సినిమా బొమ్మ వేసే మిషనులో కాలగా మిగిలిన కార్బన్ ముక్కను గరుకు రాతి మీద అరగదీసి పెట్టాను. మోటారు తిరిగింది. ఇనుప చెయ్యి మాత్రం తిరగలేదు. విప్పి చూస్తే రెండింటి నడుమా ఉన్న పండ్ల చక్రానికి పండ్లు ఊడిపోయి ఉన్నాయి. ఆ చక్రం ఇనుమూ కాదు, కట్టె కూడా కాదు. సూది కాల్చి గుచ్చితే బట్టా లక్కా కాలిన వాసన వచ్చింది. అంత పెద్ద దేశం వాళ్లు ఇంత మెత్తటి చక్రం ఎందుకు పెట్టారా అని రెండు పూటలు ఆలోచించాను. గిన్నెలో ఏదైనా అడ్డుపడితే ముందు చక్రం పోవాలి, మోటారు కాలిపోకూడదు. అందుకే అయివుంటుంది. నీకేమనిపిస్తుందో రాయి.

మద్రాసులో మిషను సామాన్లమ్మే ఒక అంగడివాడికి కార్డు రాస్తే, ఆ రకం పెట్టెలు ఇప్పుడు చేయడం లేదు, చక్రం మందుకైనా దొరకదని జవాబిచ్చాడు. అందుకే చక్రానికి మసి పూసి ఈ కాగితం వెనక అద్దాను. ఊడిన పండ్లున్న చోట గీతలు గీశాను. ఇత్తడితో ఒకటి చేసిపెట్టు.

తొందర ఎందుకంటే, అహోబిలం తిరునాళ్లలో ఈ పెట్టె పేలాలు అమ్మాలని రెడ్డి పట్టుబట్టాడు. ఆలోగా పని చేయకపోతే ఇంజను పనికి కడపలో ఉన్న మేనల్లుణ్ణి పిలిపిస్తానని నా ముందే అన్నాడు. డేరా వాకిట్లో కుండ పెట్టి జొన్న పేలాలు వేయించే మద్దమ్మ నీకు తెలుసు కదా. పెట్టె పనిచేసిన రోజు నుంచి ఆ చోటు పెట్టెదే, నువ్వు ఇంకెక్కడన్నా చూసుకోమని ఆమెకూ చెప్పాడు. మద్దమ్మ పొయ్యి మీది నుంచి తలెత్తకుండా, "కానీలే రెడ్డీ, నా కుండకు పండ్లూ లేవు, ఊడేదీ లేదు" అనింది. క్యూలో ఉన్నవాళ్లు నవ్వారు. రెడ్డి నవ్వలేదు.

బస్సు కండక్టరు సుంకప్ప చేతికిస్తే చక్రం నాకు చేరుతుంది.

నీ చక్రం కోసం కాచుకొని ఉన్న
హనుమన్న


అహోబిలం,
6-3-1955, ఆదివారం

బావకూ అక్కకూ నరసింహస్వామి కొండ కింది నుంచి నమస్కారం.

ఎండలు అప్పుడే ముదిరాయి. మధ్యాహ్నం కొండల మీది నుంచి వేడి గాలి కొట్టి డేరా గుడ్డ ఉబ్బుతోంది. పొద్దున్నే గూటాలు మళ్లీ దిగ్గొట్టి, ఇంజను తొట్టిలో నీళ్లు మార్చి, నీకు రాయడానికి కూర్చున్నాను.

నువ్వు చేసిన చక్రం కోయిలకుంట్లలో ఉండగానే అందింది. ఒక పన్ను బిగువుగా ఉంటే ఇటుక పొడీ నూనే పెట్టి తిప్పి తిప్పి అరగదీశాను. ఇనుప చెయ్యి గానుగెద్దులాగా నిదానంగా తిరిగింది. నాకు శానా సంతోషమయింది. కానీ గింజలు పోస్తే ఒక్కటీ పేలలేదు. నల్లగా మాడి పొగ వచ్చింది.

తీగ చుట్ట వేడి ఎక్కువైందేమోనని గిన్నె కింద అభ్రకం రేకు పెట్టాను. మాడడం ఆలస్యమయింది, అంతే. నూనె మార్చాను. మూత బరువు పెంచాను. విప్పని మర లేదు. యంత్రంలో ఏ భాగానికి ఆ భాగం సరిగ్గా పనిచేస్తున్నప్పుడు మొత్తం మీద పని ఎందుకు జరగదో నాకు అంతుబట్టలేదు. నిద్రలోనూ అదే యోచన.

గింజల తప్పు కూడా కాదు. పెట్టెతోపాటు మద్రాసు నుంచి వచ్చిన మూట అది. పురుగు పట్టకుండా బాగు చేయమని రెడ్డి దాన్ని మద్దమ్మకే అప్పగించాడు. పాతరలో పోసే జొన్నలకు చేసినట్టే ఆమె మిద్దె మీద పరిచి, పొద్దుకొకసారి కాలితో తిరగేస్తూ, మూట తెచ్చిన నాటి నుంచీ ఎండబెట్టింది. రెడ్డి ఒక గింజ కొరికితే కటుక్కుమంది. "మద్దమ్మ ఎండబెట్టినట్ల ఈ తాలూకాలో యెవురూ ఎండబెట్టలేరప్పా" అని అందరి ముందూ మెచ్చుకున్నాడు. గింజ ఎంత ఎండితే అంత మంచిదని మనకు పుట్టినప్పటి నుంచీ తెలిసిందే కదా.

ఇక్కడికి వచ్చాక గురువారం సాయంత్రం జనం చూస్తుండగా పెట్టె పెట్టాను. మళ్లీ పొగే. "ఏమప్పా హనుమన్నా, అమెరికా పేలాలు నల్లగుంటాయా? పండ్లు తోముకునేకి పనికొస్తాయిలే" అని ఒకడన్నాడు. పక్కనే మద్దమ్మ కుండలో జొన్నలు తెల్లగా ఎగురుతున్నాయి. జనం అటు తిరిగారు. రెడ్డి నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "నీ మూట కట్టుకో. శనివారం దాకా చూస్తా, ఆపైన మా కడప పిల్లోడు వస్తాండాడు" అన్నాడు. మద్దమ్మకు వినపడే ఉంటుంది.

శుక్రవారం మోటారు మళ్లీ విప్పి మళ్లీ బిగించాను. దాన్లో ఏ తప్పూ లేదని తెలిసే విప్పాను.

నిన్న, శనివారం, దీపాలు పెట్టేవేళ గింజలు పోశాను. కాసేపు చప్పుడు లేదు. తర్వాత ఒకటి టప్పుమంది. రెండు మూడు. ఆ వెనక వడగండ్లు పడ్డట్టే. మూత లేచి తెల్లటి పువ్వులు గాజుకు తగిలి పడుతుంటే నేను స్విచ్చి కట్టేయడం కూడా మరిచిపోయాను. రెడ్డి పెట్టెకు టెంకాయ కొట్టాడు. బొమ్మ మొదలైనా జనం లోపలికి పోలేదు. మద్దమ్మ కూడా వచ్చి ఒక పువ్వు నోట్లో వేసుకొని, "ఉప్పు సాల్లేదు" అనింది.

నీ చక్రం పండ్లు ఇన్నాళ్లకు కుదురుకొని, చెయ్యి సమంగా తిరిగినందువల్లే పేలాయని నా అంచనా. నువ్వు చేసింది చిన్న పని కాదు బావా. నా పని నిలిచింది.

ఇత్తడి చక్రం తిప్పుకుంటూ
హనుమన్న

తా.క. సోమవారం. కవరు అంటించక ముందే ఇది తెలిసింది. చక్రం సంగతి నేను పైన రాసింది తప్పు. పొద్దున మద్దమ్మ కుండ సర్దుకుంటూ తానే చెప్పింది. గింజలో రవ్వంత తడి ఉంటేనే పేలేదట, జొన్నయినా మరేదైనా. తన చోటు పోకూడదని కావాలనే అన్నాళ్లు ఎండబెట్టిందట. "రెడ్డి గింజ కొరికి మెచ్చుకున్నెప్పుడు నగు ఆపుకోలేకపోతి. నిన్ను మూట కట్టుకోమన్నెప్పుడు మాత్రం బాగలేదప్పా" అనింది. గురువారమే ఆ గింజల మీద నీళ్లు చిలకరించి, కుండలో పోసి, మూతికి గుడ్డతో వాసెన కట్టి పెట్టిందట. శనివారం నా సంచిలో పోసింది తనే. పెట్టె దగ్గర ఉండి గింజలు తడిపే పని చూడు, రెడ్డితో నేను మాట్లాడతానన్నాను. "యాడిదప్పా, ఆ గాజు పెట్టెకు నేను నీళ్లు మోసేదా?" అనింది. రెడ్డికి నేనేమీ చెప్పలేదు. నువ్వూ ఎక్కడా అనొద్దు.

చెల్లెలు రాయచోటిలో ఉండాదని, అక్కడ సంతలో కూర్చుంటానని చెప్పి, మద్దమ్మ ఈ పొద్దు తొలి బస్సుకు ఆళ్లగడ్డ మీదుగా పోయింది.