బంతి ముట్టని అల్లుడు

మిస్సిసాగా,
జూలై 8

భీమారావుగారికి నమస్కారాలు.

సంబంధం మాటలు ఫోన్లో మాట్లాడితే గాలికి పోతాయి, కాగితం మీద ఉండాలని మా నాన్నగారి పద్ధతి. అందుకే ఈ ఉత్తరం.

మా సాత్విక మీ తారక్‌ని తప్ప ఇంకెవరినీ చేసుకోనంటోంది. సరే, కుర్రవాణ్ణి ఉద్యోగం చేసే చోటే చూద్దామని శనివారం హామిల్టన్ వచ్చి, బంతిని చేత్తో విసురుకునే ఈ కెనడా ఫుట్‌బాల్ మ్యాచ్ చూశాను. మందుల కంపెనీలో ముప్పై ఏళ్లు క్వాలిటీ చూసినవాణ్ణి కదా, అన్నీ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. మూడు గంటల ఆటలో మీవాడు బంతి ముట్టుకున్నది సున్నా. మనుషుల మీద పడ్డది ఇరవై ఆరుసార్లు. బెంచీ మీద కూర్చుని నీళ్లు తాగినది సగం ఆట. తొమ్మిదేళ్ల సర్వీసున్నవాడి చేతికి బంతి ఇవ్వడం లేదంటే, పైవాళ్లకి నమ్మకం లేదనేగా? అలాంటివాడికి పిల్లనెలా ఇవ్వను?

ఇట్లు,
జనార్ధనరావు

తా.క.: పడగొట్టిన ప్రతివాణ్ణీ చెయ్యి పట్టుకుని లేపాడు. సంస్కారం ఉంది. లేపేదానికి పడగొట్టడం దేనికో అర్థం కాలేదు.


హామిల్టన్,
జూలై 13

బావగారికి నమస్కారాలు.

బంతి ముట్టుకోకపోవడం మావాడి తప్పు కాదండీ, ఉద్యోగమే అంత. ఎదుటి జట్టులో బంతి విసిరేవాడొకడుంటాడు. వాడి ముందు ఏనుగుల్లాంటి ఐదుగురు కాపలా. వాళ్లను తోసుకుంటూ వెళ్లి, వాడు విసిరేలోపే పడగొట్టాలి. డిఫెన్సివ్ లైన్‌మన్ అంటే అదే. బంతి ఎదుటివాళ్ల దగ్గరున్నప్పుడే వీళ్లు దిగుతారు, మిగతాసేపు కూర్చోవలసిందే.

అమెరికాలో రెండు జట్లు పిలిచి పంపించేశాయి. ఇటు కెనడా వచ్చి రెజీనా జట్టులో మూడేళ్లు మంచులో పొర్లాడు. మన హామిల్టన్ హ్యామర్స్‌లో ఆరేళ్లుగా నిలబడ్డాడంటే ఊరికే కాదు. ఇప్పుడు ముప్పై రెండేళ్లు, మోకాలికి రెండు ఆపరేషన్లు. కాంట్రాక్టు ఈ ఏడాదితో సరి. ఈ సీజన్ బాగా ఆడితేనే ఇంకో రెండేళ్లు ఉంచుకుంటారు. కాస్త దయ ఉంచండి.

మీ,
భీమారావు

తా.క.: వస్తున్నట్టు చెబితే మా ఆవిడ సుగుణ మీకూ పులిహోర చేసేది. మావాడి కోసం ఎలాగూ గుండిగతోనే వండుతుంది, అందులో మీరొక లెక్కా?


మిస్సిసాగా,
జూలై 20

భీమారావుగారికి, (బావగారనడం కాస్త తొందరపాటు)

మీ ఉత్తరం చదివాక ఊరుకోలేకపోయాను. కష్టం మీవాడిది, బంతీ పేరూ ఇంకొకడివి. ఇలాంటివి నా సర్వీసులో ఎన్ని చూడలేదు! నోరుంటే తల కాస్తుందంటారు. మీవాడికి నోరు లేదు, మీకు మొహమాటం. అందుకని కోచ్‌గారికి నేనే అర్జీ పెట్టాను. తొమ్మిదేళ్ల సీనియారిటీ దృష్ట్యా తారక్‌ని బంతి విసిరే పోస్టుకి ప్రమోట్ చేయాలని, ఖాళీ లేకపోతే కనీసం ఆటకి రెండుసార్లు బంతి చేతికివ్వాలని. రిజిస్టర్డ్ పోస్టులో.

మీవాడు బంతి పట్టుకుని పరిగెత్తడం ఒక్కసారి చూస్తే చాలు, మర్నాడే తాంబూలాలు పుచ్చుకుందాం. ఈ మాట సాత్వికకీ చెప్పాను.

ఇట్లు,
జనార్ధనరావు

తా.క.: పది రోజుల్లో జవాబు రాకపోతే యాజమాన్యానికి రాస్తానని చివర్లో చేర్చాను. అలా రాస్తే తప్ప ఎక్కడా ఫైలు కదలదు.


హామిల్టన్,
ఆగస్టు 4

జనార్ధనరావుగారికి,

బావగారనడానికి నోరు రావడం లేదు. మీ అర్జీని లాకర్ రూమ్ గోడకి అంటించారట. జట్టంతా మావాణ్ణి ‘సీనియారిటీ’ అని పిలుస్తోంది. పోనీలే అని నవ్వుకున్నాం.

నిన్నటి ఆటకి మాత్రం నవ్వు రాలేదు. ఆఖరి నిమిషం, మనం నాలుగు పాయింట్లు ముందున్నాం. మావాడు విసిరేవాణ్ణి పడగొట్టాడు, బంతి జారి వీడి కాళ్ల దగ్గరే పడింది. అలాంటప్పుడు దానిమీద బోర్లా పడుకుని లేవకూడదని లైన్‌మన్‌కి మొదటిరోజే నేర్పుతారు. పడుకుంటే గెలిచేవాళ్లం. వాడు మీ షరతు తలుచుకుని బంతి తీసుకుని పరిగెత్తాడు. ఎనిమిది అడుగులు. వెనకనుంచి ఒకడు గుద్దాడు, బంతి ఎగిరింది, వాళ్లు దాన్ని ఎత్తుకుపోయి మన గీత దాటించి గెలిచారు.

ఇక బెంచీయే అన్నాడు కోచ్. కాంట్రాక్టు మాట ఎవరూ ఎత్తడం లేదు. నా కొడుకు తొమ్మిదేళ్ల కష్టం మీ రిజిస్టర్డ్ పోస్టులో కొట్టుకుపోయింది. మీమీద చాలా కోపంగా ఉంది, దాచుకోను.

భీమారావు

తా.క.: వాడు మాత్రం “ఇట్స్ ఓకే డాడ్, అంకుల్ చూశారా లేదా?” అంటున్నాడు. చూశారా?


మిస్సిసాగా,
ఆగస్టు 10

బావగారికి నమస్కారాలు.

చూశాను. టీవీ ముందు లేచి నిలబడి ఈల కూడా వేశాను. మీ ఉత్తరం చదివాక రెండు రోజులు అన్నం సహించలేదు. నిన్న డ్రైవ్ చేసుకుంటూ వచ్చి కోచ్‌గారి ముందు నిలబడ్డాను. పరిగెత్తించింది నేను, కుర్రవాణ్ణి శిక్షించకండి అన్నాను. ఆయన చాలాసేపు నవ్వి, శనివారం ఆడిస్తానన్నాడు. నేను ఇకమీద ఉత్తరాలు రాయకూడదట. కుర్రవాడు బాగా ఆడితే కాంట్రాక్టు కోసం యాజమాన్యాన్ని తనే అడుగుతానన్నాడు.

వచ్చేస్తుంటే “మామగారంటే మీలా ఉండాలి” అన్నాడు. ఇంకా కాలేదండీ అన్నాను. ఆయన వింతగా చూసి ఫోన్లో ఫోటో చూపించాడు. పోయిన అక్టోబరు, హామిల్టన్ సిటీ హాల్. చంకల్లో కర్రలతో మీ తారక్, మెడలో దండతో మా సాత్విక. మోకాలు పోయింది, ఇక ఆట ఉండదేమో, నన్ను మర్చిపో అని వాడన్నాడట. ఆ వారమే మా అమ్మాయి వాణ్ణి లాక్కెళ్లి పెళ్లి చేసుకుందట. అటూ ఇటూ సాక్షులు పట్టుచీరల్లో ఉన్నారు. ఒకరు నా భార్య పద్మిని. రెండోవారు మీ సుగుణగారు.

ఒళ్లు మండిపోయింది. దారిలో కారాపి అరగంట కూర్చున్నాను. కానీ ఆ ఫోటోలో నా కూతురు మొహం చూశాను బావగారూ. ఆడతాడో లేదో తెలియని కుర్రవాడి పక్కన అంత ధీమాగా నిలబడింది. నేను బంతి లెక్కపెడుతూ కూర్చున్నాను. సిగ్గేసింది.

సీజన్ అయ్యాక మన పద్ధతిలో పెళ్లి చేద్దాం. చప్పుడు చేయకుండా ముహూర్తం చూసి ఉంచండి.

ఇట్లు,
పోయిన అక్టోబరు నుంచీ మీ వియ్యంకుడు,
జనార్ధనరావు

తా.క.: నాకు తెలిసిపోయిందని ఎవరికీ చెప్పకండి. నన్ను ఒప్పించడానికి తల్లీకూతుళ్లు నెల రోజులుగా పొద్దున్నే పెసరట్టు ఉప్మా పెడుతున్నారు. దసరా దాకా ఒప్పుకోదలచుకోలేదు.