మైలలో మోగని ఫోను

రాంపూర్, బోధన్ మండలం
బుధవారం, నవంబరు 5

నిజామాబాద్ మొబైల్ సేవా కేంద్రం మేనేజరు గారికి గోదావరి నమస్కారాలు.

మా ఇంటి గోడలు మందం. లోపల సిగ్నల్ రాదు. మూడు నెలల క్రితం మీ దగ్గరే వైఫై కాలింగ్ పెట్టించుకున్నాం. ఆదివారం నుంచి అది పనిచేయడం లేదు. ఇంట్లో ఉంటే ఫోను మోగడం లేదు.

ఫోను మా తమ్ముడిది. వాడి రెండు కిడ్నీలూ పాడైపోయాయి. చనిపోయినవారు ఇచ్చే కిడ్నీ కోసం హైదరాబాద్ ఆసుపత్రి జాబితాలో పేరు రాయించాం. పిలుపు ఎప్పుడైనా రావచ్చు. రెండుసార్లు చేసి ఎత్తకపోతే తర్వాతి పేరుకు వెళ్తామన్నారు. రెండో నంబరుగా నాది ఇచ్చాం. అదీ ఈ ఇంట్లోనే ఉంటుంది.

కాలువ గట్టు మీద సిగ్నల్ ఉంటుంది. అక్కడి నుంచి మీ కస్టమర్ కేర్‌కు చేశాను. "మాట్లాడుతున్నారు కదా మేడమ్, మీ ఫోను బాగానే ఉంది" అని ఒక అమ్మాయి పెట్టేసింది. అందుకని ఈ ఉత్తరం.

త్వరగా చూడగలరు.

ఇట్లు,
మామిళ్ల గోదావరి

తా.క.: పగలంతా రెండు ఫోన్లూ పట్టుకొని కాలువ గట్టు మీదే కూర్చుంటున్నాను. చేపలేమైనా పడ్డాయా అని దారినపోయేవాళ్లు అడుగుతున్నారు. చీకటి పడితే మాత్రం ఇంటికి రాక తప్పదు.


సేవా కేంద్రం, నిజామాబాద్
బుధవారం, నవంబరు 5

గౌరవనీయులైన గోదావరి మేడమ్ గారి సముఖానికి,

మీ సమస్యను మాకు తెలియజేసినందుకు చాలా సంతోషం. మా కేంద్రానికి చేత్తో రాసిన ఉత్తరం రావడం ఇదే మొదటిసారి. స్టాఫ్ అందరం ఫోటో తీసుకున్నాం.

దిగులుపడకండి. మూడే పనులు. ఒకటి, సెట్టింగ్స్‌లో వైఫై కాలింగ్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. రెండు, ఫోనును విమానం గుర్తు మీద ఒక నిమిషం ఉంచి తీసేయండి. మూడు, రూటరును ఆపి, రెండు నిమిషాలు ఆగి మళ్లీ వేయండి. వందలో తొంభై తొమ్మిది కేసులు మూడోదానితోనే బాగవుతాయి.

అప్పటికీ కాకపోతే ఇంట్లో నుంచే మాకు ఫోన్ చేయండి.

మీ సేవలో,
నాగేందర్, మేనేజర్

తా.క.: మీరు ఉత్తరం ఇచ్చి పంపిన పనిమనిషి లోపలికి వస్తూనే గోడకు ఒరిగి కూలబడ్డాడు. మా వాచ్‌మన్ "లే కాకా, ఇది కస్టమర్లు నడిచే జాగ" అని లేపాల్సి వచ్చింది. వచ్చేసారి కాస్త చురుకైన మనిషిని పంపగలరు.


రాంపూర్
శుక్రవారం, నవంబరు 7

నాగేందర్ గారికి గోదావరి రాయునది.

మొదటి రెండు పనులూ చేశాను. ఫోను పైన వైఫై గుర్తు రావడం లేదు.

మూడోది పన్నెండో తేదీ దాకా కుదరదు. రూటరు పూజగదిలో ఉంది. తీగ ఆ కిటికీలో నుంచి వచ్చింది కనుక అక్కడే పెట్టారు. దేవుడి పక్కన ఉంటే మంచిదే అనుకున్నాను. ఆదివారం మా చిన్నాయన కొడుకు ఆత్మారాం పోయాడు. మాకు పదకొండు రోజుల మైల. పూజగది తలుపు వేశాం. నేను పెళ్లి చేసుకోలేదు, కనుక పుట్టింటి మైలే నాకు పూర్తిగా వర్తిస్తుంది.

వాడకట్టు అంతా మా పాలోళ్లే. అందరికీ మైలే. అవతలి వాడవాళ్లను అడిగాను. "మైల ఇంట్ల దేవుని అర్ర మేమెట్ల తెరుస్తమవ్వా? గా పాపం మాకెందుకు?" అన్నారు. వాళ్లనూ తప్పుపట్టను.

తాకకుండా రూటరును ఆపి వేసే ఉపాయం ఉంటే రాయండి.

ఇట్లు,
గోదావరి

తా.క.: ఉత్తరం తెచ్చింది పనిమనిషి కాదు. మా తమ్ముడు బాపురావు. పిలుపు రావలసింది వాడికే. వారానికి మూడు రోజులు నిజామాబాద్‌లో డయాలిసిస్ చేయించుకొని, అటునుంచి మీ దగ్గరికి వస్తున్నాడు. కుర్చీ వేయించండి.


నిజామాబాద్
శుక్రవారం, నవంబరు 7

గోదావరి మేడమ్ గారికి తలవంచి రాస్తున్నది.

చాలా పెద్ద తప్పు జరిగింది. బాపురావు గారిని నా సొంత కుర్చీలో కూర్చోబెట్టాను. ఫ్యాన్ అటు తిప్పాను. బయటి బండి నుంచి చెరుకు రసం తెప్పించాను. వద్దు వద్దన్నారు. మొహమాటం అనుకొని రెండు గ్లాసులు బలవంతంగా తాగించాను. నిలబడి దండం పెట్టి సాగనంపాం.

రూటరుకు ఉపాయం ఉంది. మీటరు దగ్గర మెయిన్ ఆపి వేయండి. ఇల్లంతా ఆగితే రూటరూ ఆగుతుంది.

దానితోనూ కాకపోతే ఆదివారం నేనే వస్తాను. మీ మైల నాకు లేదు. స్నానం చేసి, చెప్పులు విడిచి, దండం పెట్టుకొనే లోపలికి వెళ్తాను.

మీ విధేయుడు,
నాగేందర్

తా.క.: ఫిర్యాదు కంప్యూటర్‌లో ఎక్కించాను. ఆలస్యానికి కారణాల్లో మైల అన్నది లేదు. 'కస్టమర్ అందుబాటులో లేరు' అని పెట్టాను. మీకేదైనా మెసేజ్ వస్తే పట్టించుకోకండి.


రాంపూర్
సోమవారం, నవంబరు 10

నాగేందర్ గారికి,

మెయిన్ ఆపి వేశాను. ఫ్రిజ్ వచ్చింది. ఫ్యాన్లు వచ్చాయి. వైఫై రాలేదు.

ఆదివారం మీ కోసం చూశాను. మూడు గంటలకు కాలువ గట్టు మీద మెసేజ్ వచ్చింది. 'మీ సమస్య పరిష్కరించబడింది' అని ఉంది. మీరు రాలేదు.

కిడ్నీలు లేనివాడికి చెరుకు రసం విషంతో సమానం. నీళ్లు కూడా కొలిచి ఇస్తాను. శనివారం వాడు మంచం దిగలేదు. గుండె దడ తగ్గేదాకా బోధన్‌లో సూది మందు వేయించాం. మీ మీద కోపం లేదు. మర్యాద చేశారని వాడే మిమ్మల్ని వెనకేసుకొచ్చాడు. ఇకముందు మర్యాద చేయకండి.

ఇట్లు,
గోదావరి

తా.క.: ఈ రోజు కుర్చీ ఇస్తే చాలు.


నిజామాబాద్
సోమవారం, నవంబరు 10

గోదావరి అత్తకు నాగేందర్ దండాలు.

అత్తా అని ఎందుకు రాస్తున్నానో చెప్తాను. ఆదివారం బండి తీస్తుంటే మా బాపు ఆపాడు.

"యాడికిరా ఆదివారం పూట?"

"రాంపూర్. మామిళ్ల గోదావరమ్మ ఇంటికి. ఆత్మారాం అనేటాయన పోయిండంట, వాళ్లకు మైలంట. రూటర్ నేను ముట్టాలె."

బాపు అక్కడే అరుగు మీద కూర్చున్నాడు.

"అరె, ఆత్మారాం మనోడేరా! మా తాత, ఆయన తాత సొంత అన్నదమ్ములు. మనకు గూడ పదకొండు దినాలే. సచ్చినోని కబురు చెప్పకుండ సిమ్ము కబురు చెప్తరా వాళ్లు? తలకు పోసుకో పో. అర్ర మొకాన అడుగు పెట్టినవో, నీ కాళ్లు నీయి గావు!"

మూడుసార్లు తలస్నానం చేయించాడు. ఇప్పుడు మా ఇంట్లో పూజగదిలోకే నేను పోలేను, మీ ఇంట్లోకి ఎట్లా వచ్చేది? మా కౌంటర్‌లో పనిచేసే నిరోషను పంపిస్తాను. ఆమెది వేరే ఇంటిపేరు, బాపుతో తరచి తరచి అడిగించాను. అయితే ఆమెకు బుధవారం దాకా తీరిక లేదు. అదే పన్నెండో తేదీ, మైల తీరే రోజు. ఇంక రెండు దినాలే కదా అత్తా. రెండు దినాల్లో ఏం కాదు.

నీ అల్లుడు,
నాగేందర్

తా.క.: చెరుకు రసం సంగతి చదివాను, క్షమించు అత్తా. ఈ రోజు బాపురావు చిన్నాయనకు ఏమీ ఇవ్వలేదు. కుర్చీ పక్కన నిలబడ్డాను, అంతే. ఆయనే నన్ను కూర్చోమన్నాడు.


రాంపూర్
శుక్రవారం, నవంబరు 14

చిరంజీవి నాగేందర్‌కు గోదావరి అత్త ఆశీస్సులు.

నిరోషను పంపనవసరం లేదు. వచ్చి ఉంటే తాళం చూసి తిరిగిపోయి ఉంటుంది. నా క్షమాపణ చెప్పు.

సోమవారం సాయంత్రం నీ ఉత్తరం చదివాను. రెండు రోజుల్లో ఏమీ కాదని నేనూ అనుకొని జపానికి కూర్చున్నాను. మనసు నిలవలేదు. ఆ ఫోను మోగాలంటే ఎక్కడో ఒక మనిషి పోవాలి. ఒక ఇంట్లో మైల పడాలి. పది నెలలుగా నేను రోజూ దీపం పెట్టి కోరుతున్నది అదే. ఇది తట్టిన తర్వాత నా మైల చాలా చిన్నదిగా కనిపించింది. స్నానం చేసి తలుపు తీశాను.

రూటరుకు ఏమీ కాలేదు. పటాల మీది చిన్న బల్బులకూ దానికీ ఒకటే స్విచ్. ఆత్మారాం పోయాడని తెలియగానే గదిలో వెలుగు ఉండకూడదని నేనే ఆపి తలుపు వేశాను. నువ్వు చెప్పినవన్నీ చేశాను. స్విచ్ వేసి ఉందా అని నువ్వు అడగలేదు, నాకు తోచలేదు.

మంగళవారం పొద్దుగూకిన తర్వాత ఇంట్లోనే ఫోను మోగింది. వెంటనే బయల్దేరమన్నారు. కారు మాట్లాడుకొని పోయాం.

అక్కడ మాలాగే ఇంకో ఇద్దరు సంచులు పట్టుకొని కూర్చున్నారు. కిడ్నీ ఒకటే. ముగ్గురినీ పిలిచి, పరీక్షలో ఎవరికి బాగా కుదిరితే వారికి పెడతారట. ఫోనులో ఆ మాట చెప్పలేదు. ఇందల్వాయి అమ్మాయికి కుదిరింది. పందొమ్మిదేళ్లు. వాళ్లమ్మ నా చేతులు పట్టుకొని ఏడ్చింది. అమ్మాయి చల్లగా ఉండాలని అన్నాను. నోటితో అన్నాను. మనసుతో అనడానికి బస్టాండు దాకా పట్టింది.

బస్సులో బాపురావు, "పోనీ అక్కా. గా పోరికైతే ఎక్కువ దినాలు పనికొస్తది" అన్నాడు. వాడి పేరు జాబితాలో అలాగే ఉంది. ఈ రోజు డయాలిసిస్‌కు వస్తూ ఈ ఉత్తరం తెస్తున్నాడు.

ఫోను మోగాలని మొక్కాను. మోగింది. ఆపైన ఏం కావాలో విప్పి చెప్పలేదు. దేవుడిని తప్పుపట్టలేను.

తలుపు తీసిన సంగతి మీ బాపుకు చెప్పకు.

ఆశీర్వదిస్తూ,
గోదావరి అత్త

తా.క.: నిన్న సాయంత్రం మళ్లీ మోగింది. పిండి చేతులతోనే పరుగెత్తాను. మీ కంపెనీ అమ్మాయి. మా సేవకు అయిదుకు ఎన్ని మార్కులు ఇస్తారని అడిగింది. వెనక్కి తిరిగి చూస్తే బాపురావు చెప్పులు వేసుకొని, సంచి భుజాన తగిలించుకొని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అయిదు ఇచ్చాను.