ఎవరైనా పోస్తేనే

ఫిబ్రవరి 15, గురువారం. ఊళ్ళో.

రేపు ప్రయాణం. అరకులో రైలెక్కి విశాఖ, అక్కడి నుంచి విమానం. సూట్‌కేసు మూత పడలేదు. అమ్మ ఎక్కి కూర్చుంటే పడింది. లోపల రాగిపిండి, పసుపు, మా తోట కాఫీ గింజలు. ఇంగ్లండులో కాఫీ దొరకదా అని తమ్ముడు ధర్మ నవ్వాడు. దొరుకుతుందిరా, మనది దొరకదు అన్నాను.

సాయంత్రం దివ్య వీడియో పంపింది. అరకు సంతలో కిరాణా కొట్టు గోపాలకృష్ణ గారి కూతురు, నర్సింగులో నా క్లాస్‌మేట్. ఇప్పుడు అక్కడ ముసలివాళ్ళ కేర్ హోమ్‌లో పని. నాకు ఈ ఉద్యోగం చెప్పింది అదే. ఊరి పేరు బక్స్‌టన్. డెర్బీషైర్ అనే జిల్లాలో, కొండల మధ్య. వీడియోలో ఊరి నడుమ ఒక ఊట. సింహం నోట్లోంచి నీళ్ళు ఆగకుండా పడుతున్నాయి. పూర్వం ఆ నీళ్ళు తాగితే, వాటిలో స్నానం చేస్తే జబ్బులు పోతాయని దేశం నలుమూలల నుంచీ వచ్చేవారట. స్పా టౌన్ అంటారట.

అమ్మకి చూపించాను. ఫోన్ కళ్ళ దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసింది. ఊట బాగుంది గానీ పోసేవోలు కనబడ్డం లేదేటి అంది.

మా ఊళ్ళో ఊట ఊటతల్లిది. కొత్తగా వచ్చినవాళ్ళు తమంతట తాము ముంచుకోరు. కోడలైనా, బడి టీచరైనా, రోడ్డు వేయడానికొచ్చిన మేస్త్రి అయినా సరే, చెప్పులు విడిచి దోసిలి పట్టి నిలబడాలి. ఊరివాళ్ళెవరైనా ఆనపకాయ బుర్రతో పోయాలి. ఆ నీళ్ళు తాగితే ఇక వాళ్ళు ఊరివాళ్ళే. పోయకముందే ముట్టుకుంటే అది దొంగతనం, ఊట అలుగుతుంది.

ఎవులైనా పోత్తేనే తాగు గుంటా, నీ అంతట నువ్వు ముట్టకు అని అమ్మ నా చెయ్యి తీసి తన నెత్తిన పెట్టుకుంది. నాకు నవ్వొచ్చింది. అయినా ఒట్టేశాను.

ఫిబ్రవరి 17, శనివారం. బక్స్‌టన్.

మాంచెస్టర్ నుంచి చిన్న రైలు. కొండలున్నాయి, చెట్లు లేవు. ఎవరో కూర్చోబెట్టి గుండు గీసినట్టున్నాయి. వాటి మీద రాతి గోడలు, గోడల మధ్య గొర్రెలు, అన్నిటి మీదా వాన. దివ్య స్టేషన్‌కి వచ్చింది. నన్ను చూసి కౌగలించుకుంటుందనుకున్నా. బేగి నడవే, బస్సెల్లిపోద్ది అని సూట్‌కేసు లాక్కుని పరిగెత్తింది. ప్రాణం లేచొచ్చింది.

ఫిబ్రవరి 18, ఆదివారం.

పరువు పోయింది.

ఒక్కదాన్నే ఊట చూడ్డానికి వెళ్ళాను. సెయింట్ ఆన్స్ వెల్ అంటారు. ఎదురుగా అర్ధచంద్రాకారంలో పెద్ద రాతి భవనం. ఊట పైన ఒక తల్లి, పక్కన బిడ్డ, కంచు బొమ్మలు. ఇక్కడా తల్లే అనుకుని సంతోషపడ్డాను. బూట్లు విప్పి, సాక్సు కూడా విప్పి, పక్కన నిలబడ్డాను. రాయి చల్లగా ఎముకల దాకా ఎక్కింది. ఎవరైనా ఊరివాళ్ళు వస్తారు, పోస్తారు.

ఒకాయన క్యాన్లు పట్టుకుని వచ్చాడు. నన్ను చూసి నా వెనక నిలబడ్డాడు. ముందు మీరు అన్నాడు. నేను అబ్బే, మీరే అన్నాను. లేదు లేదు మీరే అన్నాడు. ఇంతలో కుక్కతో ఒకావిడ వచ్చి ఆయన వెనక, ఆవిడ వెనక ఇంకొకరు. అందరూ వానలో తడుస్తూ, నవ్వుతూ, నా కోసం ఆగారు. వాళ్ళు పోస్తారని నేను, నేను పట్టుకుంటానని వాళ్ళు. చివరికి కుక్క ఆవిడ నా పాదాల వైపు చూసి, ఒంట్లో బాగానే ఉందా అమ్మా, ఎవరినైనా పిలవనా అని అడిగింది. బూట్లు చేత్తో పట్టుకుని వచ్చేశాను.

దివ్యకి చెప్తే మంచం మీద పడి దొర్లింది. పిచ్చా ఏటే నీకు, అది పబ్లిక్ కుళాయి, ఎవుడు పడితే ఆడు పట్టుకుంటాడు అంది. మరి ఇంట్లో కుళాయి నీళ్ళు ఎలా తాగుతున్నావే అని నిలదీసింది. ఇంట్లో నీళ్ళు ఎక్కడివో ఎవరికీ తెలీదు, వాటికి తల్లి లేదు అన్నాను. పైకి గట్టిగానే అన్నాను.

మార్చి 2

సూర్యుడు వచ్చాడు. ఫోటో తీసేలోపు పోయాడు.

మార్చి 10, ఆదివారం.

దివ్య గుహలు చూపిస్తానని తీసుకెళ్ళింది. ఊరి చివరే సున్నపురాయి గుహ. టికెట్టు, గైడు, లైట్లు. బొర్రా ముందు ఇది బొర్రా కన్న పిల్ల. కానీ లోపల ఆ తడి వాసన అచ్చం అదే. గైడు ఏం చెప్తున్నాడో వినకుండా ముక్కుతో పీలుస్తూ నిలబడ్డాను. దివ్యా అంతే.

తర్వాత బస్సెక్కి పక్క పల్లెలు తిరిగాం. ఒక్కో ఊరు రాతితో కట్టిన బొమ్మరిల్లులా ఉంది. వీధుల్లో మనుషులే లేరు. అందరూ ఏమయ్యారే అంటే, ఇళ్ళల్లో ఉన్నారు, అదే ఈళ్ళ సంబరం అంది.

మార్చి 21

నాకు మార్గరెట్‌ని అప్పగించి వారమైంది. ఎనభై దాటింది. పుట్టింది, పెరిగింది, పెళ్ళాడింది అంతా ఈ ఊళ్ళోనే. మతిమరుపు. కోపం ముక్కు మీదే ఉంటుంది, ఆ విషయంలో ఇద్దరం ఒకటే. తిండి ఏదో కొంచెం తింటుంది. నీళ్ళు మాత్రం మందుబిళ్ళతో పట్టించే రెండు గుక్కలే. గ్లాసు పెదవులకి ఆనిస్తే మొహం తిప్పేస్తుంది. టీ ఇస్తే కుండీలో పోసింది. ఆ మొక్క చచ్చిపోయింది.

మార్చి 24

ధర్మ పెళ్ళి. నేను లేకుండా. పిల్ల పేరు సాయిదుర్గ, గూడెం కొత్తవీధి వైపు. వీడియో కాల్‌లో అందరి నడుములే కనిపించాయి.

ఏప్రిల్ 3

అమ్మ ఫోన్. మాటల్లేవు, మంటలే. ఈమధ్యే మా ఊటకి పైపు వేసి ఇంటింటికీ కుళాయి ఇచ్చారు. కొత్త కోడలు తెల్లారి లేచి, అమ్మ ఆనపకాయ బుర్ర కడిగి తెచ్చేలోపు కుళాయి తిప్పుకుని తాగేసిందట. ఎవులు పోసారని అడిగితే, కుళాయి పోసింది అత్తా అందట. అమాయకంగా అందో, వెటకారంగా అందో తెలీదు. అప్పట్నుంచీ అమ్మ దానితో మాట్లాడ్డం లేదు. తల్లి అలుగుద్ది, ఊట ఎండిపోద్ది, నువ్వే సెప్పు ఇంక అంది. ధర్మ వెనక నుంచి, అలిగింది తల్లి కాదు నువ్వే అని అరుస్తున్నాడు.

నేనేం చెప్పను? నా అంతట నేను ఇక్కడి ఊట నీళ్ళు చుక్క ముట్టలేదు. అలా అని కోడలిదీ తప్పు కాదు. ఇంటి గుమ్మంలో కుళాయి ఉంటే ఎవరైనా తిప్పుతారు.

ఏప్రిల్ 7, ఆదివారం.

మార్గరెట్ కొడుకు పీటర్ వచ్చాడు. సెయింట్ ఆన్స్ నీళ్ళు సీసాలో పట్టి తెచ్చాడు. వాళ్ళమ్మకి ఆ నీళ్ళంటే ప్రాణమట. పడుచుదనంలో ఊట పక్కనున్న పంప్ రూమ్‌లో పని చేసిందట. దూరాల నుంచి వచ్చినవాళ్ళకి గ్లాసుల్లో ఆ నీళ్ళు పోసి ఇవ్వడమే ఆమె ఉద్యోగం. గోడ మీద ఫోటో చూపించాడు. తెల్ల ఏప్రన్, నవ్వు. ఈ మొహమేనా అనిపించింది.

ఆ నీళ్ళూ ముట్టలేదు. పీటర్ మంచం అంచున కూర్చుని చాలాసేపు గ్లాసు పట్టుకున్నాడు. వెళ్ళేటప్పుడు నాతో, నీకు వీలైతే చూడు అన్నాడు. ఏదో పెద్ద సాయం అడుగుతున్నట్టు మొహం ఎర్రబడింది.

ఏప్రిల్ 12

మార్గరెట్ ఆ రెండు గుక్కలూ మానేసింది, నాలుక ఎండిపోయింది. పెదవులు పగిలాయి. డాక్టర్ వచ్చి, ఇలాగే ఉంటే వచ్చే వారం ఆస్పత్రికి పంపి సెలైన్ ఎక్కించాలి అన్నాడు. మేనేజర్ తర్వాత నన్ను పక్కకి పిలిచి, ఈ వయసులో ఆస్పత్రికి వెళ్ళినవాళ్ళు తిరిగి ఈ గదికి రావడం తక్కువ అని నెమ్మదిగా చెప్పింది. కసరలేదు. కసిరినా బాగుండేది.

స్పూనుతో ప్రయత్నించాను. ఐస్ ముక్క, జెల్లీ, స్ట్రా. నా చెయ్యి విదిలించి కొట్టింది.

ఏప్రిల్ 16, మంగళవారం.

ఉన్నదున్నట్టు రాస్తాను.

రేపే అంబులెన్స్ అని పొద్దున్నే చెప్పారు. జగ్గులో పీటర్ తెచ్చిన నీళ్ళు పోసుకుని మార్గరెట్ గదికి వెళ్ళాను. తాగమ్మా అన్నాను. మొహం తిప్పింది. బతిమాలాను. కళ్ళు మూసుకుంది. అంతకుముందే అమ్మ ఫోన్, మళ్ళీ అదే గొడవ. కోడలు పుట్టింటికి వెళ్ళిపోతానంటోందట. నాకు ఒళ్ళు మండిపోయింది. కుర్చీ పక్కన నేల మీద కూలబడి తెలుగులో దులిపేశాను. మీ అందరికీ ఏం రోగమే? అక్కడొకావిడ నీళ్ళ కోసం కోడల్ని వెళ్ళగొడుతోంది. ఇక్కడ నువ్వు నీళ్ళు వద్దని చస్తానంటున్నావు. నేను వచ్చి రెండు నెలలయింది, ఈ ఊళ్ళో ఒక్కరంటే ఒక్కరు నాకు నీళ్ళు పోశారా? ఇదిగో, ఇలా నిలబడ్డానే మీ ఊట దగ్గర, కాళ్ళు గడ్డకట్టేలా! అని దోసిలి పట్టి చూపించాను. చూపిస్తూనే ఏడ్చేశాను.

మార్గరెట్ కళ్ళు తెరిచి నా దోసిలి వైపు చూసింది. ఇలా చూడ్డం నేను ఎప్పుడూ ఎరగను. నిటారుగా కూర్చుంది. జగ్గు అందుకుంది. ఎత్తలేక రెండు చేతులతో పట్టుకుంది. ఎక్కడి నుంచి వచ్చావమ్మా అని అడిగింది. గొంతు మారిపోయింది, ఎవరో పడుచుపిల్ల గొంతు. అరకు అన్నాను. చాలా దూరమా అంది. చాలా దూరం అన్నాను. అయితే తాగు, నెమ్మదిగా, ఒకేసారి కాదు అంటూ పోసింది.

సగం నా యూనిఫాం మీద పడింది. మిగిలింది తాగాను. ఏ వాసనా లేదు. మెత్తగా దిగింది.

ఎలా ఉన్నాయి అని అడిగింది. బాగున్నాయి అన్నాను. అప్పుడు తనే గ్లాసులో పోసుకుని, వచ్చినవాళ్ళు తాగాక గానీ మేం తాగకూడదు, అది మా రూల్ అని చెప్పి, గటగటా తాగింది. ఇంకో గ్లాసు కూడా.

ఈవిడకి నీళ్ళు వద్దని కాదు. ఇచ్చే మనిషి చేతికి మేమే నీళ్ళందిస్తూ వచ్చాం.

ఏప్రిల్ 17

అంబులెన్స్ రాలేదు. పొద్దున డ్యూటీ ఎక్కగానే మళ్ళీ దోసిలి పట్టాను. దివ్య కూడా పట్టింది. మేనేజర్ గుమ్మంలో నిలబడి చూసి, తనూ వచ్చి చేతులు చాపింది.

అమ్మకి ఫోన్ చేశాను. నాకు నీళ్ళు పోశారే అన్నాను. ఎవులు పోసారు అంది, గొంతు చప్పున మెత్తబడింది. మార్గరెట్టు అని ఈ ఊరి ముసలమ్మ, ఊట దగ్గర కాదు గదిలో, బుర్రతో కాదు ప్లాస్టిక్ జగ్గుతో అని చెప్పాను. మీ కుళాయిలో వచ్చేది మన ఊట నీళ్ళే కదే, ఇప్పుడైనా సాయిదుర్గకి పొయ్యి, ఆలస్యమైతే ఆలస్యమైంది అన్నాను.

అమ్మ, అయితే నువ్వింక ఆ ఊరి గుంటవే అంది. నేను ఆ సంగతి ఆలోచించలేదు. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. ఏడ్చాను.

ఏప్రిల్ 19

ధర్మ వీడియో పంపాడు. గుమ్మంలో కుళాయి, కింద ఆనపకాయ బుర్ర, దోసిలి పట్టిన సాయిదుర్గ. అమ్మ మొహం ఇంకా ముడుచుకునే ఉంది. పోయడం మాత్రం నిండుగా పోసింది.

జులై 10

ఊటకి పండగ. తడి బంకమట్టి పూసిన చెక్కల మీద పూరేకులు ఒక్కొక్కటే గుచ్చి బొమ్మలు చేసి, ఊట దగ్గర నిలబెట్టారు. వెల్ డ్రెస్సింగ్ అంటారు. నీళ్ళకి దండం పెట్టే జనమేనా వీళ్ళు! అమ్మకి చూపిస్తే, మరి మొదటే సెప్పవేం అని నన్నే తిట్టింది.

మార్గరెట్‌ని వీల్‌చైర్‌లో తీసుకెళ్ళాను. బూట్లు విప్పి, నా చేత్తో నేనే సీసా పట్టాను. గోరువెచ్చగా ఉన్నాయి, చలికాలం తెల్లారి మా ఊటలా. మార్గరెట్ నన్ను గుర్తుపట్టలేదు. ఎక్కడి నుంచి వచ్చావమ్మా అని అడిగింది. ఇక్కడే అన్నాను.

సెప్టెంబర్ 3

మార్గరెట్ పోయింది. నిద్రలోనే, ఈ గదిలోనే. గ్లాసు ఖాళీగా ఉంది.

అక్టోబర్ 19, శనివారం. పొద్దున్న.

కొత్తమ్మాయి వచ్చింది, ఘానా నుంచి, పేరు అబెనా. డ్యూటీకి ముందు ఊట దగ్గరికి తీసుకెళ్ళాను. సీసా మూత తీసి సింహం నోటి కిందకి చెయ్యి చాపబోయింది. ఆగమన్నాను. వాన పడుతోంది. మా వెనక క్యాన్లతో ఇద్దరు నిలబడ్డారు. బూట్లు విప్పమన్నాను. ఎందుకని అడగలేదు. దోసిలి పట్టింది.

పోశాను.